బోరు పెట్టెల్లో జీఎస్‌ఎం మోడెమ్: డయల్ కనెక్షన్ తెగితే మళ్ళీ లేవడంలేదు

హగరి గట్టు, కళ్యాణదుర్గం

అన్నలకూ అక్కలకూ నమస్తే. కళ్యాణదుర్గం, బెళుగుప్ప, రాయదుర్గం మండలాల్లో బోర్ల నీటిమట్టం కొలిచే పెట్టెలు చూసుకునే పని నాది. ఒక్కో పెట్టెలో చిన్న లినక్స్ బోర్డు, దానికి సీరియల్ కేబులుతో జీఎస్‌ఎం మోడెమ్, 12 వోల్టుల బ్యాటరీ, పైన సోలార్ ప్యానెల్ ఉంటాయి. బోర్డులో పీపీపీడీ అనే, నెట్ లింకును ఎత్తి దించే ప్రోగ్రాం నడుస్తుంది, అది మోడెమ్‌తో *99# డయల్ చేయించి నెట్ ఎత్తుతుంది. పావుగంటకోసారి నీటిమట్టం, బ్యాటరీ వోల్టేజీ అనంతపురంలోని సర్వర్‌కు పోవల్ల.

పెట్టె బిగించిన రోజు బాగానే పోతుంది. తర్వాత రెండు రకాలుగా ఆగిపోతోంది. ఒకటి, పీపీపీ0 (పీపీపీడీ ఎత్తిన నెట్ లింకు పేరు) కనబడుతుంది, ఐపీ ఉంటుంది, లాగ్‌లో ఏ తప్పూ ఉండదు, కానీ సర్వర్‌కు ఒక్క అంకె చేరదు. రెండోది, రాత్రి ఎప్పుడో కనెక్షన్ తెగుతుంది, మళ్ళీ డయల్ చేయబోతే కుదరదు, పొద్దున పోయి చూస్తే పీపీపీడీ ప్రాసెసే ఉండదు. మోడెమ్ కరెంటు తీసి పెడితే మాత్రం అప్పటికప్పుడే లేస్తుంది.

కొన్ని బోర్లు బుడ్డల చేన్ల నడుమ ఉండాయి, వంక దాటి నడిచి పోవల్ల. వాన లేని నెలల్లోనే ఆ నీటి లెక్కలు రైతుకు అక్కరకొచ్చేది. సరిగ్గా ఆ నెలల్లోనే పట్టీలో ఖాళీలు పడుతుండాయి. మనిషి పోకుండా దానంతట అది లేచే దారి చెప్పండి.

ఎర్రమల, కర్నూలు

అన్నా, ఊహించి చెప్పడం కంటే చూసి చెప్పడం మేలు. నాలుగు సంగతులు పెట్టండి: పీపీపీడీ ఆప్షన్లు, చాట్ స్క్రిప్టు (డయల్ చేసేటప్పుడు మోడెమ్‌కు వరుసగా పంపే కమాండ్ల పట్టీ), తెగినప్పటి లాగ్, ఆ సీరియల్ కేబులులో ఎన్ని వైర్లున్నాయో. చివరిది మర్చిపోవద్దు, అనుమానమంతా నాకు దాని మీదే.

హగరి గట్టు, కళ్యాణదుర్గం

కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, చదువుకోండి.

ఆప్షన్లు: 115200, లోకల్, నోసీఆర్‌టీఎస్‌సీటీఎస్, డిఫాల్ట్‌రూట్, యూజ్‌పీర్‌డీఎన్ఎస్, నోఆత్, పర్సిస్ట్ (తెగినా మళ్ళీ ప్రయత్నించు), హోల్డాఫ్ 5 (మళ్ళీ ప్రయత్నించే ముందు ఐదు సెకన్లు ఆగు).

చాట్ స్క్రిప్టు: టైమౌట్ 10, తర్వాత ఏటీ (మోడెమ్ కమాండ్లన్నీ దీంతోనే మొదలు), ఓకే వస్తే ఏటీ+సీజీడీకాంట్‌తో ఏపీఎన్ (ఆపరేటరు డేటా దారి పేరు), ఓకే వస్తే ఏటీడీ*99#, కనెక్ట్ వచ్చేదాకా ఆగు. అంతే.

తెగిన తర్వాత లాగ్ ఇట్లుంది (^ఎం అంటే ఎంటర్, అలారమ్ అంటే టైమౌట్ అయిపోయిందని):

సెండ్ (ఏటీ^ఎం)
ఎక్స్‌పెక్ట్ (ఓకే)
అలారమ్
ఫెయిల్డ్
కనెక్ట్ స్క్రిప్ట్ ఫెయిల్డ్

ఇదే ముక్క కిందికి వరుసగా పది సార్లుంది. ఆ తర్వాత ఎగ్జిట్ అని ఒక గీత, లాగ్ అయిపాయె. కేబులులో మూడు వైర్లే: పంపేది, అందుకునేది, గ్రౌండ్. పెట్టెలు నా చేతికి వచ్చేనాటికే అట్లున్నాయి.

ఎర్రమల, కర్నూలు

మీ రెండో రోగానికి కారణం ఆ మూడు వైర్లే.

మోడెమ్‌కు రెండు స్థితులుంటాయి. కమాండు స్థితిలో ఏటీ అంటే ఓకే అంటుంది. కనెక్ట్ అన్నాక డేటా స్థితికి పోతుంది, అప్పట్నుంచి మనం ఏం పంపినా అది దాని దృష్టిలో డేటానే. ఏటీ అని పంపినా అదీ డేటానే, దానికి జవాబివ్వాల్సిన పని దానికి లేదు. మీ లాగ్‌లో జరిగింది సరిగ్గా ఇది. పీపీపీడీ తన వైపు లైను వదిలేసింది. మోడెమ్‌కు ఆ కబురు అందలేదు, అది ఇంకా డేటా స్థితిలోనే కూర్చుంది.

ఆ కబురు మోసే వైరు డీటీఆర్. తొమ్మిది పిన్నుల కనెక్టరులో 4వ పిన్ను. పీపీపీడీ లైను వదిలేటప్పుడు డీటీఆర్‌ను దించుతుంది. మోడెమ్‌లో ఏటీ&డీ2 పెట్టి ఉంటే, డీటీఆర్ దిగగానే కాల్ తెంపి కమాండు స్థితికి వచ్చేస్తుంది. అట్లే 1వ పిన్ను డీసీడీ. అది ఎదురు దిక్కు కబురు, లైను పోయిందని మోడెమ్ మనకు చెప్పేది. ఈ రెండూ లేని కేబులుతో ఇద్దరిలో ఎవరు వదిలేసినా రెండోవాళ్ళకు తెలియదు.

కాబట్టి నిండు కేబులు వేయండి. మోడెమ్ వైపు ఏటీ&సీ1, ఏటీ&డీ2 పెట్టి ఏటీ&డబ్ల్యూతో దాచేయండి. పీపీపీడీలో 'లోకల్' తీసేసి 'మోడెమ్' అని రాయండి. లోకల్ అంటే ఆ వైర్లను పట్టించుకోవద్దని అర్థం, అది ఉన్నంతసేపు కేబులు మార్చినా ఫలితం ఉండదు. ఆర్‌టీఎస్, సీటీఎస్ వైర్లు (పంపడం ఎప్పుడు ఆపాలో చెప్పేవి) కూడా వేస్తే నోసీఆర్‌టీఎస్‌సీటీఎస్ బదులు సీఆర్‌టీఎస్‌సీటీఎస్ పెట్టుకోవచ్చు. వైర్లు లేకుండా మాత్రం అది పెట్టొద్దు, పోర్టు బిగుసుకుపోతుంది.

ఇక పొద్దునకు ప్రాసెసే ఉండకపోవడం. పీపీపీడీలో మ్యాక్స్‌ఫెయిల్ అనే ఆప్షన్ ఉంది. మనం ఏమీ రాయకపోతే దాని విలువ 10. వరుసగా పది సార్లు విఫలమైతే, పర్సిస్ట్ ఉన్నా సరే, ఇక చాలని బయటికి పోతుంది. మీ లెక్కలో ఒక్కో ప్రయత్నం పది సెకన్ల టైమౌట్, ఐదు సెకన్ల హోల్డాఫ్. అంటే టవర్ రెండున్నర నిమిషాలు పడుకుంటే చాలు, మీ పెట్టె ఆ రాత్రికి అయిపోయినట్టే. మ్యాక్స్‌ఫెయిల్ 0 రాయండి. సున్నా అంటే హద్దు లేదని.

నల్లరేగడి, ఓర్వకల్లు

ఎర్రమల చెప్పినవన్నీ నిజం. అయితే అన్ని పెట్టెలకూ తొమ్మిది వైర్లు వేయడం కుదరకపోవచ్చు, కొన్ని బోర్డుల్లో డీటీఆర్ పిన్నే బయటికి తీసి ఉండదు. అట్లాంటి చోట మూడు ప్లస్సులే దిక్కు.

చాట్ స్క్రిప్టులో మొదటి ఏటీకి ఓకే రాకపోతే ఇట్లా చేయించాలి: ఒక సెకను ఏమీ పంపకుండా ఆగి, +++ పంపి, దాని వెనక ఎంటర్ పంపకుండా, మళ్ళీ ఒక సెకను ఆగాలి. ఓకే వస్తుంది. వెంటనే ఏటీహెచ్. ముందూ వెనకా ఆ సెకను మౌనం లేకపోతే ప్లస్సులను కూడా డేటా అనే అనుకుంటుంది. ఆ మౌనం ఎంతసేపో ఎస్12 రిజిస్టరులో ఉంటుంది, మామూలుగా 50, అంటే ఒక సెకను.

ఇక్కడ మా సోలార్ పార్కులో లాగర్లకు (కొలతలు రాసుకునే పెట్టెలకు) ఈ పద్ధతితోనే నడిపించాం. డీటీఆర్ అంత ఖచ్చితం కాదు, కానీ నూటికి తొంభై పాళ్ళు గట్టెక్కిస్తుంది.

పాలకొండలు, కడప

టెలికంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చెప్పిన మందులు సరైనవే. కానీ మొదటి రోగం, అంటే లింకు ఉన్నట్టే ఉండి డేటా పోకపోవడం, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాకు అదే పెద్దదిగా కనిపిస్తోంది, ఎందుకంటే తెగిన లింకు లాగ్‌లోనైనా కనబడుతుంది. ఇది ఎక్కడా కనబడదు.

ఏటీ కమాండ్లు 1981లో హేయస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్‌తో వచ్చినవి. అది టెలిఫోను తీగ కాలం. ఏటీడీ అంటే నిజంగా అవతల ఇంకో మోడెమ్‌కు ఫోను మోగేది, అది ఎత్తి ఈల వేసి ఇద్దరూ కుదుర్చుకున్నాకనే కనెక్ట్ వచ్చేది. అప్పుడు కనెక్ట్ అంటే అవతలివాడు దొరికాడని. పీపీపీ (నెట్ లింకు కుదుర్చుకునే పద్ధతి) మాటలు కూడా అవతలి సర్వర్‌తోనే నడిచేవి.

జీపీఆర్ఎస్‌లో, అంటే 2జీ మొబైల్ డేటాలో, *99# డయల్ చేస్తే ఎవరికీ ఫోను మోగదు. అది ఫోను నంబరే కాదు, ప్యాకెట్ డేటా మొదలుపెట్టమని మోడెమ్‌కు చెప్పే గుర్తు. చాలా మోడెమ్‌లు అది వినగానే కనెక్ట్ అనేస్తాయి, నెట్‌వర్క్‌ను అసలు అడిగేది ఆ తర్వాత. వాకిట్లో నిలబడ్డ మనిషి రమ్మన్నంత మాత్రాన లోపల యజమాని ఉన్నట్టు కాదు కదా. ఏపీఎన్ తప్పు రాసినా కనెక్ట్ వస్తుంది, పీపీపీ మాటల నడుమ తెగిపోతుంది. కొత్తవాళ్ళు డయల్ బాగానే అయింది కదా అని సిగ్నల్‌ను అనుమానిస్తారు.

అసలు కీలకం ఇది. జీపీఆర్ఎస్‌లో పీపీపీ సంభాషణ మన బోర్డుకూ మన మోడెమ్‌కూ మధ్యనే, ఆ జానెడు కేబులు మీదే ముగుస్తుంది. పీపీపీడీ లాగ్ చూడండి: అవతలి ఐపీ తెలియలేదు, 10.64.64.64 అనుకుంటున్నా అని ఒక గీత ఉంటుంది. అవతల నిజంగా ఎవరూ లేరు కాబట్టే పీపీపీడీ ఆ అడ్రసును తనే పెట్టుకుంటుంది. అందుకే పీపీపీ బాగుంది అంటే మోడెమ్ బతికుంది అని మాత్రమే. టవర్ ఉందో లేదో, సర్వర్ దాకా దారి ఉందో లేదో అది చెప్పలేదు.

మీ సర్వర్ నుంచి "అందింది" అని జవాబు వస్తేనే లింకు ఉన్నట్టు. మిగతావన్నీ దానికి ఆనవాళ్ళే తప్ప రుజువు కాదు.

హగరి గట్టు, కళ్యాణదుర్గం

సార్, ఇది నాకు పూర్తిగా కొత్త సంగతి. నా లాగ్‌లో 10.64.64.64 ఉంది, నిజమే. ఇన్నాళ్ళూ అది ఆపరేటరు గేట్‌వే అనుకుంటుంటిమి ఇక్కడ అందరం.

మరి ఎల్‌సీపీ ఎకో (పీపీపీడీ నడుమ నడుమ 'ఉన్నావా' అని అడిగేది) పెడితే? ఇంటర్వెల్ 30, ఫెయిల్యూర్ 4 (30 సెకన్లకోసారి అడిగి, నాలుగు సార్లు జవాబు రాకపోతే తెంపేది) పెట్టమని మా ఊరి కుర్రవాడొకడు చెప్పినాడు.

ఎర్రమల, కర్నూలు

సార్ చెప్పినదాన్ని బట్టే జవాబు తేలిపోతుంది అన్నా. ఆ ఎకోకు బదులిచ్చేది మోడెమ్. కేబులు ఊడిందా, మోడెమ్ బిగుసుకుందా అన్నది దాంతో పట్టుకోవచ్చు, అంతకుమించి లేదు. ఇంకో చిక్కు, కొన్ని మోడెమ్‌లు ఎకోకు అసలు బదులే ఇవ్వవు. అట్లాంటి దానికి 30, 4 పెడితే చక్కగా నడిచే లింకును రెండు నిమిషాలకోసారి పీపీపీడీనే తెంపుతుంది. లాగ్‌లో "నాలుగు ఎకోలకు జవాబు లేదు" అని ఆంగ్లంలో పడుతుంది. ఒక పెట్టెలో పెట్టి చూసి, బదులు ఇస్తేనే మిగతా వాటికి పెట్టండి.

మొదటి రోగానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆపరేటరు మనకిచ్చేది లోపలి ఐపీ, బయటికి పోయేది వాళ్ళ నాట్ (లోపలి ఐపీని బయటి ఐపీగా మార్చి పద్దు రాసుకునేది) గుండా. కొన్ని నిమిషాలు ఏ ప్యాకెట్టూ పోకపోతే నాట్ మన పద్దు చెరిపేస్తుంది. మీరు పావుగంటకోసారి పంపుతున్నారు. ఒకే టీసీపీ కనెక్షన్‌ను తెరిచి ఉంచుకుని దాంట్లోనే పంపుతుంటే, నడుమ పద్దు పోయి ఉంటుంది. మీ ప్రోగ్రాం రాసింది కెర్నల్ (లినక్స్ గుండెకాయ) బఫరులో పడుతుంది, తప్పు ఏదీ రాదు, కెర్నల్ మళ్ళీ మళ్ళీ పంపి చూస్తుంది. లినక్స్ మామూలు అమరికలో అది ఆశ వదులుకోవడానికి దాదాపు 15 నిమిషాలు పడుతుంది. టీసీపీ కీప్‌అలైవ్ (మౌనంగా ఉన్న కనెక్షన్ బతికుందా అని చూసే ప్యాకెట్) ఉంది కదా అంటారేమో, ప్రోగ్రాం అడిగితేనే అది పనిచేస్తుంది, అడిగినా రెండు గంటల మౌనం తర్వాతే మొదటిది పోతుంది.

పావుగంటకోసారే కాబట్టి, ప్రతిసారి కొత్తగా సాకెట్ (కనెక్షన్) తెరిచి, పంపి, సర్వర్ జవాబు అందుకుని మూసేయండి. చిన్న డేటాకు అదే శుభ్రం.

చీనీతోట, నార్పల

అన్నా, నేను కంప్యూటరు మనిషిని కాదు, చీనీ తోట ఉంది, బోరుకు మొబైల్ స్టార్టరు పెట్టుకున్నా. చదువుతా ఉంటే నాకొకటి తట్టింది. మా పక్క తోటాయన స్టార్టరు ఫోను చేస్తే మోటారు ఆన్ అవుతుంది, దాంట్లోనే నెట్‌తో ఆప్‌లో ఆంపియర్లు కూడా చూపిస్తుంది. దానికి లోను కావాల్నా అని ఎవరెవరో ఫోన్లు చేస్తుంటారు. ఫోను మోగినంతసేపు ఆప్‌లో అంకెలు కదలవు. ఒక్కోసారి ఫోను ఆగినాక కూడా కదలవు. మీ సిమ్‌లకూ అట్లా ఫోన్లు వస్తాండాయేమో చూడండి.

పాలకొండలు, కడప

చీనీతోట గారూ, చాలా పనికొచ్చే మాట చెప్పారు. 2జీ మోడెమ్‌లు దాదాపు అన్నీ క్లాస్ బి రకం. అవి ఫోనుకూ డేటాకూ రెండింటికీ నమోదై ఉంటాయి, ఒక సమయంలో మాత్రం ఒకటే చేయగలవు. కాల్ రాగానే డేటా నిలిచిపోతుంది, కాల్ ముగిశాక కొనసాగాలి. కొనసాగకపోతే మీరు చూసిందే జరుగుతుంది.

పైగా 2జీ టవర్ ఒకే టైంస్లాట్లను (సమయపు ముక్కలను) మాటకూ డేటాకూ పంచుతుంది, మాటకే మొదటి హక్కు. సాయంత్రం అందరూ ఫోన్లలో ఉన్న వేళ డేటాకు మిగిలేది తక్కువ. పెట్టె గడబిడలు చీకటి పడే వేళ ఎక్కువగా ఉంటే ఇదీ ఒక కారణమని గుర్తుపెట్టుకోండి.

హగరి గట్టు గారూ, మీ పెట్టెలకు ఫోన్లు రావాల్సిన అవసరం లేదు కాబట్టి వచ్చే కాల్స్‌ను ఆపేయించండి. ఏటీ+సీఎల్‌సీకేలో 'ఏఐ' అనే రకం దానికే ఉంది, నెట్‌వర్క్ ఇచ్చే బారింగ్ (కాల్స్ ఆపే) పాస్‌వర్డ్ కావాలి. అంతకన్నా మేలు, యంత్రాలకని విడిగా ఇచ్చే సిమ్ తీసుకోవడం. 2018 నుంచి మన దేశంలో వాటికి 13 అంకెల నంబర్లు ఇస్తున్నారు. మామూలు సిమ్‌లే ఉంచుకుంటే కనీసం 1909 అనే ఫోను నంబరులో నమోదు చేయించండి, అమ్మకాల ఫోన్లు తగ్గుతాయి. ఏటీఎస్0=0 కూడా పెట్టండి, మోడెమ్ తనంతట ఫోను ఎత్తకుండా ఉంటుంది.

నల్లరేగడి, ఓర్వకల్లు

రేడియో వైపు నుంచి నేను రెండు మాటలు కలుపుతా. సాఫ్టువేరు ఎంత సరిదిద్దినా ఇవి చూడకపోతే పెట్టె నిలబడదు.

కరెంటు. జీఎస్‌ఎం మోడెమ్ ఎడతెగకుండా పంపదు, మెరుపుల్లాగా పంపుతుంది. ఒక్కో బర్స్ట్ 577 మైక్రోసెకన్లు, 4.6 మిల్లీసెకన్లకోసారి. టవర్ దూరమై పూర్తి శక్తితో పంపే బర్స్ట్‌లో కరెంటు 2 ఆంపియర్ల దాకా పోతుంది. మల్టీమీటరు సగటు చూపిస్తుంది కాబట్టి దాంట్లో అంతా బాగున్నట్టే ఉంటుంది. సన్నని పొడుగు వైరు మీద ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి మోడెమ్ రీసెట్ అవుతుంది. సిమ్800 (ఒక రకం జీఎస్‌ఎం మోడెమ్) లాంటి మాడ్యూలుకు 3.4 వోల్టులకు తగ్గకూడదు. మాడ్యూలు కాళ్ళ పక్కనే పెద్ద కెపాసిటరు పెట్టండి, లావు వైరు పొట్టిగా వేయండి. తెల్లవారుజామున బ్యాటరీ అడుగంటిన వేళ తెగేవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

యాంటెన్నా. ఇనుప పెట్టె లోపల పెట్టిన గుండీ యాంటెన్నా పనికిరాదు. బయటికి తీయండి, కానీ సన్నని ఆర్‌జీ58 కేబులు పది మీటర్లు లాగొద్దు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు దాదాపు అర డెసిబెల్ పోతుంది, పది మీటర్లకు ఐదు, అంటే అందిన దాంట్లో మూడో వంతే మోడెమ్‌కు చేరేది. ఏటీ+సీఎస్‌క్యూ అడిగితే 0 నుంచి 31 దాకా అంకె వస్తుంది. దాన్ని రెట్టించి 113 లోంచి తీసేస్తే మిగిలేదానికి ముందు మైనస్ పెట్టుకోండి, అదే డీబీఎంలో సిగ్నల్ బలం. 10 అంటే మైనస్ 93. 99 వస్తే కొలవలేదని, గొప్ప సిగ్నల్ అని కాదు.

పెట్టెకు తొండలు, బల్లులు దూరే కంతలు కూడా మూయండి. కేబులు దూరే చోట రబ్బరు గ్లాండ్ (సందు మూసే బిగింపు) బిగించకపోతే వేసవిలో లోపలికి చేరేది అవే.

తుంగభద్ర కాలువ, కర్నూలు

ఇంత దూరం వచ్చారు కాబట్టి అడుగుతున్నా. ఎందుకు ఎప్పుడూ కనెక్షన్ పట్టుకుని కూర్చోవాలి? పావుగంటకోసారి డయల్ చేసి, పంపి, పెట్టేసి, మోడెమ్‌ను పడుకోబెట్టొచ్చు కదా. కాలువ గేజీల దగ్గర మేం అట్లే చేస్తాం. బ్యాటరీ మిగులుతుంది. ప్రతిసారి మోడెమ్ కొత్తగా లేస్తుంది కాబట్టి బిగుసుకుపోయే సమస్యే ఉండదు. చచ్చిన లింకును కనిపెట్టడం అనే తలనొప్పి మొత్తం పోతుంది.

ఎర్రమల, కర్నూలు

నీటిమట్టానికి మీ పద్ధతి బాగా సరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ సర్వర్ నుంచి పెట్టెకు ఏదైనా చెప్పాలంటే, మోటారు ఆపమనో, కొలిచే వ్యవధి మార్చమనో, అప్పుడు పెట్టె ఎప్పుడు లేస్తుందా అని కాచుకోవాలి. డేటా ఖర్చు భయమైతే అక్కర్లేదు. 84 బైట్ల పింగ్ ('ఉన్నావా' అని అడిగే చిన్న ప్యాకెట్), దానికి 84 బైట్ల జవాబు, ఐదు నిమిషాలకోసారి వేసినా రోజుకు 48 కిలోబైట్లు, నెలకు ఒకటిన్నర మెగాబైటు లోపే.

తుంగభద్ర కాలువ, కర్నూలు

ఖర్చు గురించి కాదు నేనడిగేది. ఎప్పుడూ ఎత్తి ఉంచిన లింకును ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఆ కాపలా ప్రోగ్రాం కూడా చెడొచ్చు. రోజుకు 96 సార్లు శుభ్రంగా ఎత్తి దించే పెట్టె, తనను తాను 96 సార్లు పరీక్షించుకున్నట్టే. మోటారు ఆపే పని ఉన్న చోట మీ దారి, కొలిచే పని మాత్రమే ఉన్న చోట నా దారి.

ఒక జాగ్రత్త. దించేటప్పుడు కరెంటు టక్కున కోయొద్దు. ముందు కాల్ తెంపి, నెట్‌వర్క్‌కు సెలవు చెప్పించి (సిమ్800 అయితే ఏటీ+సీపీఓడబ్ల్యూడీ=1) అప్పుడు ఆపండి. లేకపోతే నెట్‌వర్క్ దృష్టిలో మీరు ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

చీనీతోట, నార్పల

మా ఫీడరుకు కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు. అది వచ్చిన నిమిషంలో ఆ ఫీడరు మీదుండే స్టార్టర్లన్నీ ఒక్కసారే లేచి నెట్ కోసం ఎగబడతాయి. మొదటి పది నిమిషాలు ఎవరి ఆప్‌లోనూ ఏమీ కనబడదు. తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. దీనికేమన్నా మందుందా?

ఎర్రమల, కర్నూలు

ఉందన్నా, స్టార్టరు తయారుచేసేవాళ్ళు పెట్టాల్సిన మందు. లేచిన వెంటనే డయల్ చేయకుండా ప్రతి పెట్టె తనకు తోచినంతసేపు, సున్నా నుంచి మూడు నిమిషాల మధ్య ఏదో ఒక అంకె పట్టుకుని, ఆగాలి. విఫలమైతే ఆ విరామం రెట్టింపు కావాలి: అర నిమిషం, నిమిషం, రెండు, నాలుగు, పావుగంట దగ్గర ఆపేయాలి. నెట్‌వర్క్ వద్దంటున్నా క్షణం క్షణం అడిగే సిమ్‌ను ఆపరేటరు పక్కనబెట్టే వీలుంది.

హగరి గట్టు అన్నా, మీక్కూడా ఇది వర్తిస్తుంది. టవర్ పడుకుని లేస్తే దాని కింద ఉన్న మీ పెట్టెలన్నీ ఒకేసారి డయల్ చేయబోతాయి. హోల్డాఫ్ 5 చాలా తక్కువ. ఒక్కో పెట్టెకు వేర్వేరుగా 40, 55, 70 ఇట్లా పెట్టినా చాలు.

హగరి గట్టు, కళ్యాణదుర్గం

కబురు చెప్పనీకి వచ్చినా. బెళుగుప్ప పక్క ఒక పెట్టెకు నిండు కేబులు వేసి, ఏటీ&డీ2 పెట్టి, లోకల్ తీసేసి మోడెమ్ పెట్టినా. మ్యాక్స్‌ఫెయిల్ 0, హోల్డాఫ్ 55. యాంటెన్నా ఊడదీసి, పది నిమిషాలు ఆగి మళ్ళీ బిగించినా. లాగ్‌లో మోడెమ్ హ్యాంగప్ అని పడింది, మళ్ళీ డయల్ చేసింది, ఏటీకి ఓకే వచ్చింది. నేను దేన్నీ ముట్టుకోలేదు, లేచి కూర్చుంది. ఎర్రమలన్నకు దండాలు.

డీటీఆర్ పిన్ను లేని బోర్డులకు మూడు ప్లస్సుల దారే పెట్టినా. సిమ్‌లకు వచ్చే కాల్స్ ఆపించమని కాయితం ఇచ్చినాము.

ఇప్పుడు కాపలా స్క్రిప్టు రాస్తున్నా. ఐదు నిమిషాలకోసారి పింగ్ కొట్టి, మూడు సార్లు జవాబు రాకపోతే పీపీపీడీని చంపి మళ్ళీ మొదలుపెట్టేటట్టు. బాగుందా?

ఎర్రమల, కర్నూలు

చంపొద్దన్నా. పీపీపీడీకి హప్ సిగ్నల్ (లైను వదలమని చెప్పేది) పంపండి. పర్సిస్ట్ ఉంది కాబట్టి లింకు మాత్రం దించి, డీటీఆర్ వదిలి, హోల్డాఫ్ ఆగి, తనే మళ్ళీ ఎత్తుకుంటుంది. అప్పటికీ గంటలో జవాబు రాకపోతే ఏటీ+సీఫన్=1,1తో మోడెమ్‌ను రీసెట్ చేయండి. దానికీ లేవకపోతే రిలేతో కరెంటు కోసి, అర నిమిషం ఆగి ఇవ్వండి. మెట్లు మెట్లుగా పోవాలి. మొదటి మెట్టు మీదే కరెంటు కోస్తే ఆపరేటరు అరగంట నిర్వహణ పనికి కూడా మీ మోడెమ్‌లన్నీ ఊరికే ఆరి వెలుగుతుంటాయి.

పింగ్‌ను పీపీపీ0 గుండానే పొమ్మని చెప్పండి. పేరుతో కాదు, ఐపీతో కొట్టండి. కొన్ని డాంగిల్ మోడెమ్‌లు తొందరపడి 10.11.12.13, 10.11.12.14 అని దొంగ డీఎన్ఎస్ (పేరును ఐపీగా మార్చే సర్వర్) అడ్రసులు ఇస్తాయి. పేరుతో కొడితే లింకు బాగున్నా చచ్చిందనే తేలుతుంది.

పాలకొండలు, కడప

పింగ్ కంటే మీ సర్వర్ జవాబునే నమ్ముకోండి. పింగ్‌ను నడుమ ఎవరైనా ఆపేయొచ్చు, సర్వర్ ప్రోగ్రాం పడిపోయినా సర్వర్ యంత్రం పింగ్‌కు బదులిస్తుంది. నీటిమట్టం పంపినప్పుడు "అందింది" అని వచ్చిన సమయాన్ని ఒక ఫైలులో రాయించండి. కాపలా స్క్రిప్టు చూడాల్సింది ఆ ఫైలు వయసును. నలభై ఐదు నిమిషాలు దాటితే మొదటి మెట్టు.

రెండో మాట, జవాబు రాని కొలతలను పారేయకండి. సమయంతో సహా బోర్డులోనే వరుసగా దాచి, లింకు లేవగానే పాతవాటి నుంచి పంపించండి. లింకు ఆరు గంటలు లేకున్నా రైతు పట్టీలో ఖాళీ పడదు.

హగరి గట్టు, కళ్యాణదుర్గం

దాచి పంపేది ఈ వారమే పెడతా సార్. రిలే ఎట్లా కట్టల్ల? కరెంటు మామూలుగా పోతా ఉండాలా, రిలే పట్టుకుంటేనే పోవాలా?

ఇంకొకటి, ఈ 2జీ మోడెమ్‌లు ఎన్నాళ్ళు నడుస్తాయి? 4జీకి మారితే ఈ డయల్ గొడవ ఉండదంటున్నారు.

నల్లరేగడి, ఓర్వకల్లు

రిలేను మామూలుగా మూసి ఉండే కాంటాక్టు మీద కట్టండి. రిలేకు కరెంటు ఇచ్చినప్పుడే మోడెమ్ ఆరిపోవాలి. అప్పుడు బోర్డు చెడినా, రిలే కాయిల్ కాలినా మోడెమ్ వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ కూడా మిగులుతుంది, రిలే రోజంతా పట్టుకుని ఉండదు కాబట్టి.

4జీ సంగతి. 2జీ మోడెమ్‌కు జియో సిమ్ వేస్తే లేవదు, వాళ్ళకు 2జీ, 3జీ లేవు. కొత్తగా కొనేవి 4జీవే కొనండి, 2జీకి కూడా దిగగలిగేవి అయితే మన పల్లెల్లో నిశ్చింత. వాటిలో *99# కూడా పనిచేస్తుంది. లేదంటే యూఎస్‌బీ మీద నెట్‌వర్క్ కార్డులాగా కనబడే పద్ధతి ఉంటుంది, అప్పుడు పీపీపీ అక్కర్లేదు. కానీ సర్వర్ జవాబు వయసు చూడటం, మెట్ల మీద రీసెట్, విరామాలు రెట్టించడం, ఇవన్నీ అప్పుడూ కావాలి. కార్డు పైకి లేచి ఉన్నట్టు కనబడుతూ డేటా పోకపోవడం దాంట్లోనూ ఉంది.

ఎర్రమల, కర్నూలు

రిలే స్క్రిప్టులో ఒక గీత కలపండి అన్నా. కరెంటు కోసిన సమయం కూడా ఫైలులో రాసుకుని, ఆరు గంటల్లో ఒకసారికి మించి కోయకుండా చూడండి. సర్వరే పడిపోయిన రోజున మూడు మండలాల మోడెమ్‌లూ పొద్దస్తమానం ఆరి వెలుగుతుంటే బ్యాటరీలు దిగిపోతాయి.